ఖగోళ పాఠంలో బొమ్మలు: చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడు?

పరిచయం

ఈ కోర్సులో ఇంతవరకు మీరు చంద్రకళలు, గ్రహణాలు, రుతువులు అనే మూడు అంశాలు చదివారు. మూడింటికీ బొమ్మలున్నాయి. పరీక్షలో ఆ బొమ్మలు గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు వస్తాయి. ఈ వ్యాసంలో ఆ బొమ్మలనే పరీక్షకు పెడదాం. ఒక కథనో కావ్యాన్నో విమర్శించినట్టే పాఠ్యపుస్తకంలోని బొమ్మనూ విమర్శించవచ్చు. అది ఏం చెబుతోంది, ఏం చెప్పకుండా వదిలేసింది, ఎక్కడి పాఠకుణ్ణి దృష్టిలో పెట్టుకుని గీశారు అని అడగవచ్చు. సైన్సు విద్యార్థులు సాధారణంగా ఈ పని చెయ్యరు. అచ్చయిన బొమ్మ కాబట్టి అందులో అడగడానికేమీ లేదనుకుంటారు. నేను కూడా చాలా ఏళ్లు అలాగే అనుకుని పాఠం చెప్పాను.

ఒక ఆదివారం అమలాపురంలో దూరవిద్య విద్యార్థులకు సంప్రదింపు తరగతి. బోర్డు మీద చంద్రకళల బొమ్మ వేశాను. కుడివైపు నుంచి సూర్యకాంతి, మధ్యలో భూమి, చుట్టూ ఎనిమిది చోట్ల చంద్రుడు. అందరూ రాసుకున్నారు. అంతర్వేది వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి లేచాడు. వయసు ముప్పై దాటి ఉంటుంది.

"మాస్టారండీ, మా దగ్గర భీష్మ ఏకాదశికి రథం లాగుతారండి. ఆ రోజు పొద్దు గూకేసరికి చంద్రుడు ఎక్కడుంటాడో ఈ బొమ్మలో చూపించండి" అన్నాడు.

శుక్ల అష్టమికీ పౌర్ణమికీ మధ్య ఒక చోట వేలు పెట్టి, "ఇక్కడ" అన్నాను.

"అది సరేనండి. ఆకాశంలో ఎటువైపండీ?"

నేను వెంటనే చెప్పలేకపోయాను. అతనే అన్నాడు: "తూర్పున కొబ్బరి చెట్ల మీదకి వచ్చేసి ఉంటాడండి. చూస్తూనే ఉంటాం కదండీ. ఈ బొమ్మలో ఆ తూర్పు ఎక్కడుందో తెలియట్లేదండి."

అతనికి ఆకాశం తెలుసు, బొమ్మ అర్థం కాలేదు. నాకు బొమ్మ తెలుసు, దాన్ని ఆకాశానికి అన్వయించడం రాలేదు. ఆ తరగతిలో మిగిలిన వాళ్లకు రెండూ రాకపోయినా పరీక్షలో మార్కులకు లోటుండదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే: ఖగోళ చిత్రంలో చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడో చెప్పకపోతే, ఆ చిత్రం ఎంత సరైనదైనా అవగాహన కలిగించదు.

మొదటి బొమ్మ: చంద్రకళలు

ఈ బొమ్మను ఉత్తర ధ్రువానికి చాలా ఎత్తు నుంచి కిందికి చూస్తున్నట్టు గీస్తారు. అక్కడి నుంచి చూస్తే చంద్రుడికి ఎప్పుడూ సగం వెలుగు, సగం చీకటి. కళలే ఉండవు. కళలు కనిపించేది భూమి మీద ఉన్నవాడికి. అందుకే కొన్ని పుస్తకాల్లో బయట ఇంకో వలయం గీసి, అందులో భూమి నుంచి కనిపించే ఆకారాలు వేస్తారు. అంటే ఒకే కాగితం మీద రెండు చూపులున్నాయి, ఒకటి బయటి నుంచి, ఇంకొకటి లోపలి నుంచి. ఈ రెండూ వేరువేరని బొమ్మ చెప్పదు. విద్యార్థి రెండు వలయాలనూ కలిపి బట్టీపడతాడు.

మరమ్మతు కష్టం కాదు. పుస్తకంలోని బొమ్మ తీసుకోండి. సూర్యుడు కుడివైపు ఉన్నాడు. భూమి వృత్తం పై అంచున ఒక చిన్న మనిషిని నిలబెట్టండి. అతని కాళ్ల కింద అడ్డంగా ఒక గీత గీయండి. అది అతని దిగంతం. భూమి అపసవ్య దిశలో తిరుగుతోంది కాబట్టి, సూర్యుడి ఎదుట మధ్యాహ్నం గడిపిన ఆ మనిషి పావు చుట్టు తిరిగి పై అంచుకు వచ్చాడు. అంటే అతనికి ఇప్పుడు సూర్యాస్తమయ వేళ. గీతకు కుడి చివర పడమర, ఎడమ చివర తూర్పు. అంతర్వేది విద్యార్థి అడిగిన తూర్పు బొమ్మలోకి వచ్చింది.

ఇప్పుడు తిథి లెక్క వెయ్యండి. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. ముప్పై తిథులకు 360 డిగ్రీలు, ఒక పూర్తి చుట్టు. దీనికి సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు పడుతుంది. శుక్ల ఏకాదశి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 120 నుంచి 132 డిగ్రీల దాకా. నడిమికి 126 అనుకుందాం. పడమటి దిగంతం నుంచి నడినెత్తి మీదుగా తూర్పు దిగంతానికి 180 డిగ్రీలు. 180 లోంచి 126 తీస్తే 54. అంటే సూర్యుడు అస్తమిస్తున్నప్పుడు ఏకాదశి చంద్రుడు తూర్పు వైపున సుమారు 54 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. చేయి బారజాపి పిడికిలి పట్టుకుంటే ఆ పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. దిగంతం నుంచి ఐదు పిడికిళ్లు పైకి లెక్కపెట్టండి. "కొబ్బరి చెట్ల మీదకి వచ్చేసి ఉంటాడండి" అన్న మాట సరిగ్గా సరిపోయింది. అప్పుడు చంద్రబింబంలో ఐదింట నాలుగు వంతులు వెలుగుతూ ఉంటుంది.

పంచాంగంలోని తిథిని మనం ఉపవాసాలకూ పండుగలకూ వాడుకుంటాం. దాని వెనక ఉన్నది ఒక కోణం. మన పాఠం ఆ కోణాన్ని వాడుకోకుండా కొత్తగా మొదలుపెట్టడం ఒక లోపం.

ఇంకో పొరపాటు కూడా ఈ బొమ్మ దగ్గరే పుడుతుంది. చంద్రుడు తరగడానికి కారణం భూమి నీడ అని చాలామంది రాస్తారు. బొమ్మలో భూమికి ఒక పక్క నలుపు పూసి ఉండటం వల్ల ఆ భావం బలపడుతుంది. దాన్ని తీసెయ్యడానికి ఒక ప్రశ్న చాలు. భూమి నీడ ఎటు పడుతుంది? సూర్యుడికి సరిగ్గా ఎదురు వైపు. అష్టమి నాడు చంద్రుడు ఎక్కడున్నాడు? సూర్యుడికి లంబంగా, 90 డిగ్రీల దూరంలో. నీడ ఒక దిక్కున, చంద్రుడు ఇంకో దిక్కున ఉన్నప్పుడు నీడ వల్ల సగం చంద్రుడు ఎలా కనిపిస్తాడు?

రెండవ బొమ్మ: గ్రహణం

సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే గీత మీద. మూడూ ఇంచుమించు పక్కపక్కనే. ఈ బొమ్మ చూసిన తెలివైన విద్యార్థికి వెంటనే రావలసిన సందేహం: మరి ప్రతి పౌర్ణమికీ చంద్రగ్రహణం ఎందుకు రాదు? చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉంది కాబట్టి అని పుస్తకం జవాబు చెబుతుంది. కాని బొమ్మలో 5 డిగ్రీల వాలు గీసినా చంద్రుడు నీడలోనే పడతాడు. ఎందుకంటే చంద్రుణ్ణి భూమికి మరీ దగ్గరగా గీశారు. మాట ఒకటి చెబుతోంది, బొమ్మ ఇంకొకటి చెబుతోంది. విద్యార్థి చివరికి బొమ్మనే నమ్ముతాడు.

కొలతలు సరిచేద్దాం. దీనికి కోనసీమలో వస్తువులు వెతుక్కోనక్కరలేదు. పీచు తీసిన కొబ్బరికాయ అడ్డంగా 12 సెంటీమీటర్లు ఉందనుకోండి. అది భూమి. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు, చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు. కాబట్టి చంద్రుడు మూడు సెంటీమీటర్లు దాటిన చిన్న నిమ్మకాయ. ఇప్పుడు నిమ్మకాయను ఎంత దూరంలో పెడతారు? తరగతిలో అడిగితే చాలామంది ఒక జానెడు దూరంలో పెట్టారు. అసలు దూరం సుమారు 3,84,000 కిలోమీటర్లు. అంటే ముప్పై భూముల వరస. మన కొలతలో 3.6 మీటర్లు, అంటే ఎనిమిది మూరలు.

ఎనిమిది మూరల దూరంలో 5 డిగ్రీల వాలు అంటే నిమ్మకాయ 32 సెంటీమీటర్ల దాకా పైకో కిందికో జరగగలదు. ఆ దూరంలో భూమి చిక్కటి నీడ వెడల్పు తొమ్మిది సెంటీమీటర్లు కూడా ఉండదు. ప్రతి నెలా నిమ్మకాయ ఆ నీడను తప్పించుకు పోవడంలో ఆశ్చర్యం లేదు. చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువుల దగ్గర పౌర్ణమి గాని అమావాస్య గాని పడితేనే గ్రహణం. పంచాంగంలో రాహువు, కేతువు అని గుర్తించేది ఆ రెండు బిందువులనే.

సూర్యుడి సంగతి కూడా చూడండి. కొబ్బరికాయను అమలాపురం గడియార స్తంభం దగ్గర పెడితే, సూర్యుడు అక్కడికి 1.4 కిలోమీటర్ల దూరంలో, 13 మీటర్ల గోళంగా ఉండాలి. అంటే ఒక నిలువెత్తు కొబ్బరి చెట్టంత. ఈ బొమ్మ ఏ పుస్తకం పేజీలోనూ పట్టదు. అందుకు చిత్రకారుణ్ణి తప్పుపట్టలేం. "ఈ బొమ్మ కొలతల ప్రకారం గీసింది కాదు" అన్న ఒక్క వాక్యం బొమ్మ కింద రాయకపోవడం మాత్రం తప్పే.

మూడవ బొమ్మ: రుతువులు

ఈ బొమ్మలో భూమి కక్ష్య కోడిగుడ్డులా సాగి ఉంటుంది. దాన్ని చూస్తే వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా, చలికాలంలో దూరంగా ఉంటుందని అనిపిస్తుంది. వాస్తవం తలకిందులు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లకు. మనకు సంక్రాంతి చలి ఉన్న రోజులవి. అతి దూరంగా వెళ్లేది జులై మొదటి వారంలో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లకు.

కక్ష్య దీర్ఘవృత్తమన్న మాట నిజమే. అయితే ఎంత సాగింది? 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో దాన్ని గీస్తే, పొడుగు పక్కకూ పొట్టి పక్కకూ తేడా మిల్లీమీటరులో వందో వంతు స్థాయిలో ఉంటుంది. పెన్సిలు గీత మందం అంతకంటే చాలా ఎక్కువ. కేంద్రం నుంచి సూర్యుడు పక్కకు జరిగింది మాత్రం 1.7 మిల్లీమీటర్లు. మరి పుస్తకంలో కోడిగుడ్డు ఎందుకొచ్చింది? గుండ్రటి పళ్లేన్ని పక్క నుంచి చూస్తే సాగినట్టు కనిపిస్తుంది కదా, అలా కక్ష్యను ఏటవాలుగా చూస్తూ గీశారు కాబట్టి. ఇక్కడ కూడా చూసేవాడు ఎక్కడున్నాడో చెప్పలేదు.

ఈ పొరపాటు పల్లెటూరి విద్యార్థులదే అనుకోకండి. 1987 నాటి "ఎ ప్రైవేట్ యూనివర్స్" అనే విద్యా చిత్రంలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవం రోజున పట్టభద్రులనూ అధ్యాపకులనూ కలిపి 23 మందిని రుతువుల గురించో చంద్రకళల గురించో అడిగారు. 21 మంది జవాబుల్లో పొరపాట్లున్నాయి. దూరం వల్లనే రుతువులని ధీమాగా చెప్పినవాళ్లు వాళ్లలో ఉన్నారు. కాబట్టి మీకు ఇది అర్థం కాలేదంటే తెలివి తక్కువై కాదు. మీకు అందిన బొమ్మను ఇంకోసారి చూడాలి.

ఈ మూడో బొమ్మకు నా అభ్యంతరం ఇంకొకటి ఉంది. అందులో జూన్ 21 దగ్గర "వేసవి" అని రాసి ఉంటుంది. ఐరోపాకు అది సరిపోతుంది. కొత్తపేటలోనో రాజోలులోనో ఉన్న మీకు జూన్ 21 నాటికి రోహిణి కార్తె ఎండలు పోయి మృగశిర కార్తె నడుస్తూ ఉంటుంది, నైరుతి వానల కాలం వచ్చి ఉంటుంది. కారణం మన అక్షాంశం, రుతుపవనాలు. భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటం ఎంత నిజమో, ఆ వాలు ప్రభావం 16.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న అమలాపురంలో వేరుగా కనిపిస్తుందన్నదీ అంతే నిజం. బొమ్మ మొదటి సంగతి చెప్పి రెండోదాన్ని వదిలేసింది.

దాన్ని మీ వాకిట్లో మీరే పూర్తిచెయ్యవచ్చు. ఒక మీటరు కర్రను నిలువుగా పాతండి. మిట్టమధ్యాహ్నం, అంటే నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న క్షణంలో, దాని నీడ కొలవండి. డిసెంబరు 21 ప్రాంతంలో నీడ ఉత్తరం వైపు 84 సెంటీమీటర్లు ఉంటుంది. మార్చి 21 ప్రాంతంలో ఉత్తరం వైపే 30 సెంటీమీటర్లు. మే 6, 7 తేదీల ప్రాంతంలో నీడ కర్ర కిందికే చేరి మాయమవుతుంది. జూన్ 21 ప్రాంతంలో నీడ దక్షిణం వైపు 12 సెంటీమీటర్లు పడుతుంది. ఆగస్టు 6 ప్రాంతంలో మళ్లీ మాయమై, తరవాత ఉత్తరానికి తిరుగుతుంది.

"మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది" అని నేను చాలా తరగతుల్లో చెప్పాను. ఏడాదిలో మూడు నెలలు మన ఊళ్లో అది తప్పు. కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న దేశాల బొమ్మను చూసి చెప్పిన మాట అది. ఎండలో నిలబడి ఒక్కసారి నా నీడ చూసుకుని ఉంటే ఆ తప్పు చెప్పేవాణ్ణి కాదు.

తెర మీద ఆకాశం

అచ్చు బొమ్మల లోపాలన్నీ కంప్యూటరు తీర్చేస్తుందని కొందరి నమ్మకం. హైదరాబాదులో 1985 నుంచి బిర్లా ప్లానెటేరియం ఉంది. చూసే అవకాశం వస్తే వదులుకోకండి. అమలాపురం నుంచి అది నాలుగు వందల కిలోమీటర్ల పైమాట. ఫోనులో మాత్రం స్టెల్లేరియం వంటి సాఫ్ట్‌వేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఊరి పేరు అమలాపురం అని ఇస్తే, మీరు కోరిన తేదీకి, కోరిన వేళకు మీ ఆకాశం కనిపిస్తుంది. దిక్కులు కూడా గుర్తించి ఉంటాయి. అచ్చు బొమ్మ మరిచిపోయిన చూపరికి ఇక్కడ చోటు దొరికింది.

దీనికీ ఒక లోపముంది. ఇది లోపలి చూపును మాత్రమే ఇస్తుంది. ఏకాదశి చంద్రుడు తూర్పున ఎంత ఎత్తులో ఉంటాడో తెర చూపిస్తుంది. అలా ఎందుకు ఉండాలో మీరు ఆలోచించేలోపే చూపించేస్తుంది. అంతర్వేది విద్యార్థికి ఆ జవాబు తెర లేకుండానే తెలుసు. అతనికి కావలసింది కారణం. లెక్క ముగియకముందే పుస్తకం చివరి జవాబు చూసినవాడికి లెక్క వచ్చిందనలేం కదా. తెర విషయంలోనూ అంతే. ముందు కాగితం మీద మీ అంచనా గీయండి. తరవాత తెర చూడండి. ఆ పైన ఆకాశం చూడండి. ఈ వరస తప్పితే దృశ్యీకరణ వినోదంగా మిగిలిపోతుంది.

మన దేశంలో ఈ విషయంపై పరిశోధన జరిగింది. ముంబైలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రంలో షమీన్ పడల్కర్, జయశ్రీ రామదాస్ ప్రాథమిక ఖగోళ విద్యలో నమూనాలు, బొమ్మలతోపాటు చేతుల కదలికలు, శరీర భంగిమలు ఎలా ఉపయోగపడతాయో అధ్యయనం చేశారు. నమూనాకూ బొమ్మకూ మధ్య ఉన్న ఖాళీని శరీరం పూడ్చగలదన్నది అందులో ముఖ్యమైన ఆలోచన. మీ తలే భూమి, మీ ముక్కు మీద మీ ఊరు ఉందనుకుని దీపం ఎదుట నెమ్మదిగా ఎడమవైపు తిరిగి చూడండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒంటికి తెలుస్తాయి. దూరవిద్య విద్యార్థికి ప్రయోగశాల లేకపోవచ్చు. ఈ ప్రయోగానికి అది అవసరం లేదు.

సారాంశం

అనుభవం ఒక్కటే చాలని నేను అనడం లేదు. రోజూ చంద్రుణ్ణి చూసేవాడికి చంద్రకళల కారణం దానంతట అదే తెలిసిపోదు. బయటి చూపు లేకుండా కారణం అందదు. బయటి చూపు ఒక్కటే ఉంటే అది మన ఆకాశం గురించే అని తోచదు. ఒక చూపు నుంచి ఇంకో చూపుకు వెళ్లి తిరిగి రాగలగడాన్నే ఖగోళ శాస్త్రంలో అవగాహన అంటాం. ఏ బొమ్మనైనా ఈ మూడు ప్రశ్నలు అడగండి: చూసేవాడు ఎక్కడున్నాడు? కొలతలు నిజమైనవేనా? ఇది మా ఊరికి వర్తిస్తుందా?

మీలో చాలామంది రేపు పిల్లలకు పాఠం చెబుతారు. కొందరు ఇప్పటికే ట్యూషన్లు చెబుతున్నారు. మీరు బోర్డు మీద గీసిన బొమ్మ ఇంకో ముప్పై ఏళ్లు కొందరి తలల్లో ఉంటుంది. అందులో ఒక చిన్న మనిషిని గీయడానికి ఒక్క నిమిషం పడుతుంది.

మీరు చేయవలసినవి

1. శుక్ల షష్ఠి లేదా సప్తమి నాడు సాయంత్రం నాలుగు గంటలకు ఎండలో నిలబడి, ఒక నిమ్మకాయను చంద్రుడి పక్కగా కనబడేటట్టు చేయి చాపి పట్టుకోండి. నిమ్మకాయ మీద వెలుగు ఆకారాన్నీ చంద్రుడి ఆకారాన్నీ పోల్చి రాయండి.

2. కృష్ణ అష్టమి చంద్రుడు సూర్యోదయ వేళ ఎక్కడ ఉంటాడో ముందు బొమ్మ గీసి చెప్పండి. తరవాత తెల్లవారుజామున లేచి సరిచూసుకోండి. అంచనా తప్పితే, బొమ్మలో మనిషిని ఎక్కడ నిలబెట్టారో మొదట చూడండి.

3. మీ వాకిట్లో మీటరు కర్ర మధ్యాహ్నపు నీడను వారానికి ఒకసారి చొప్పున మూడు నెలలు కొలవండి. నీడ ఏ వైపు పడిందో కూడా ప్రతిసారీ రాయండి.